ప్రోత్సాహ సభ గురించి ఒక మనవి

విద్యాశాఖ అధికారిగారికి,

నమస్కారం. ఆడపిల్లలను కంప్యూటర్ చదువుకు ప్రోత్సహించే సభ ఈసారి కూడా మా కాలేజీలోనే పెడుతున్నారని తెలిసింది. మా మీద మీకున్న అభిమానానికి సంతోషం. అయితే కంప్యూటర్ టీచరుగా ఒక మనవి.

కిందటేడు సభ కోసం మా ల్యాబులోని కంప్యూటర్లన్నీ హాల్లోకి మోయించి, వేదిక మీద వరసగా పేర్చారు. ఫొటోల్లో బాగానే పడ్డాయి. తిరిగొచ్చాక వాటిలో సగం ఆన్ కావడం లేదు. మెకానిక్ "రేపొస్తా మేడమ్" అంటూనే ఉన్నాడు. ఉన్న వాటి దగ్గర ముగ్గురేసి అమ్మాయిలు సర్దుకుని కూర్చుంటున్నారు. సభ రోజు వాళ్ళు బొకేలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. లోపల కూర్చుని ఉపన్యాసాలు విన్నది మగపిల్లలు.

మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఉపన్యాసాలు బాగానే ఉన్నాయట. నాకే ఓపిక అయిపోయింది.

నిన్న క్లాసులో ఈ కబురు చెబితే, చివరి బల్ల దగ్గరి పిల్ల తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అంది: "మేడమ్, నా వంతు ఇప్పుడే వచ్చింది. ఈ ఒక్కసారికి మమ్మల్ని వదిలెయ్యమనండి."

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. చూడాలనిపిస్తే ఏ రోజైనా ల్యాబుకు రండి. బొకే ఇవ్వడానికి మాత్రం ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. సభ వద్దండీ. దయచేసి ఈ ఏడాదికి మా అమ్మాయిల్ని ప్రోత్సహించకండి.

ల్యాబు నుంచి,
కంప్యూటర్ టీచరు