గాజు నూలు మగ్గానికెక్కదు

దుబాయి నుంచి,

చిరంజీవి తమ్ముడు రాజమౌళికి అన్న మల్లేశం దీవించి రాస్తున్నది. నేను బాగున్నాను, ఫికర్ పడకండి. నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయలేదు. రాయాల్సింది వదిలేసి, రాయకూడనిది రాశావు.

"తువ్వాళ్ళ పడుగు నడుమనే కోసి పక్కకు పెట్టిన. గాజు నూలు పంపియ్యన్నా, కాలని చీర నేస్త" అన్న నీ మాట చదివాక నాకు అన్నం సయించలేదు. అసలే ఇక్కడి పప్పులో పులుపుండదు. సగం నేసిన పడుగును కోస్తారా? మన నాయన జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా, పడుగు ముగించి గాని మగ్గం గుంతలోంచి లేవలేదు.

నాతో పనిచేసే ములుగు సమ్మయ్య సెలవు మీద ఊరికొచ్చి, మాది నూలు మిల్లని, ఇక్కడి గాజు నూలు నిప్పుకు కాలదని నీకు చెప్పాడట. వాడి నోరు పడ! మేము పోసేది మేడల బయటి గోడలకు బిగించే సిమెంటు పలకలు. గాజును సన్నటి తెల్ల దారంగా తీసి ఉండలు చుట్టి తెస్తారు. తుపాకీలాంటి మిషను ఆ దారాన్ని బొటనవేలంత ముక్కలుగా నరికి, సిమెంటు పాలతో కలిపి అచ్చులోకి చిమ్ముతుంది. మేము రోలర్లతో అదుముతాం. లోపల ఇనుప చువ్వ ఉండదు, అంగుళం మందమూ ఉండదు. అయినా దూరం నుంచి చెక్కిన రాయే అనుకుంటావు. మన కోట రాళ్ళు చూసినవాడికి నవ్వొస్తుంది గాని, పలకను తక్కువ చేయను. ఈ ఎండకు నిలబడుతోంది. నేనే నిలబడలేకపోతున్నాను.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో మిషనులోకి పోయే దారం తెగింది. మన వేళ్ళు ఊరుకుంటాయా? అందంగా ముడి వేశాను. అది తుపాకీ గొంతులో ఇరుక్కుని, లోపలి సిమెంటు గడ్డకట్టింది. సమ్మయ్య తల పట్టుకున్నాడు.

"ఏం జేసినవే కాకా! నరికెటందుకు పెట్టిన దారాన్ని అతుకుతానవా?"

"తెగిన దారం చూసుకుంట ఎట్ల ఊకుంటార్రా?"

"ఊకోవాలె. గిక్కడ అతికెటోనికి గాదు, నరికెటోనికి జీతం."

ఆ మాట ఇప్పటికీ మండుతోంది. పోగు పోగు అతుక్కుంటూ బతికినవాడి చేత నూలు నరికిస్తారా! సరే, పొట్ట కోసం నేను నరుకుతున్నాను. నీకేం పుట్టింది తమ్మీ? ఎవరూ చెప్పకుండానే నీ పడుగు నువ్వే నరుక్కున్నావు!

గాజు నూలు పంపను గాక పంపను. అది చర్మంలో గుచ్చుకుంటే గీరుకోలేక చావాలి. ఆ చీర కట్టుకోమంటే మరదలు నిన్ను వాకిట్లోకి గెంటుతుంది, నేను ఆమె పక్షమే.

ఈ ఉత్తరం అందిన రోజే కోసిన పోగులన్నీ ఒక్కొక్కటీ అతుకు. ఓపిక చాలకపోతే పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకో. ఆమెకు నా దండాలు చెప్పు, దీవించమన్నానని చెప్పు. పిల్లలకు ముద్దులు. పడుగు ముగిశాక అందులోంచి నాకొక తువ్వాలు పంపు. అతుకులున్న ముక్కే పంపాలి. వాటిని తడిమి చూసేదాకా నీకు ఇంకో ఉత్తరం రాయను.

నీ మీద అలిగిన
మీ అన్న మల్లేశం