బియ్యం డబ్బాలో మిషను బెల్టు

ఏమండీ,

మందు ఎక్కించి తీసే రెండో స్కానింగుకి వెళ్తున్నాను. అక్క తోడొస్తోంది, మీరు షాపు కట్టేసి పరిగెత్తుకు రాకండి. అన్నం, కూర మూత పెట్టి ఉంచాను, చల్లారకముందే తినండి. బ్యాంకు మేనేజరు గారు వస్తే ఆయన కుట్టించుకున్న చొక్కా ఇచ్చేయండి. పోయిన వారం నా తలలో గడ్డ ఉందని తెలిసిన రోజు మీరు దానికి రెండు చేతులూ ఎడమవే కత్తిరించారు. మిగిలిన గుడ్డలోంచి కుడిచెయ్యి తీశాను. చంక కింద చిన్న అతుకు పడింది, బయటికి కనబడదు, మీరూ నోరు జారకండి.

"ఎడమ చెవి నరం మీద శనగగింజంత గడ్డ, క్యాన్సరు కాదు, కనిపెట్టుకుని ఉంటే చాలు" అని డాక్టరమ్మ మీ ముందే చెప్పింది. అయినా గడ్డ నాకు, కంగారు మీకు. నేను కుట్టకూడదని మిషను బెల్టు తీసి బియ్యం డబ్బాలో దాస్తారా? రోజూ ఆ డబ్బాలో చెయ్యి పెట్టేది ఎవరనుకున్నారు? బెల్టు మళ్ళీ బిగించేశాను. రాగానే కుట్టుకు కూర్చుంటాను. నాకు హాయిగా ఉండేది అక్కడే.

అన్నట్టు, నిన్న నా ఎడమ పక్కన కూర్చుని గుండీలు ఏరుతూ, నాకు వినబడదనుకుని, "నీ కుట్టు లేకపోతే నా కత్తిరింపు ఉత్త పీలికలేనే" అన్నారు. ఆ చెవి మందగించిందే గానీ పూర్తిగా పోలేదండీ. రెండు చెవులూ బాగున్న ముప్పై ఏళ్లూ ఆ మాట ఎక్కడ దాచారు? సాయంత్రం మళ్ళీ చెప్పండి. ఆ పక్కనుంచే, కాస్త గట్టిగా.