పద్నాలుగో పాఠంతో పాటు ఒక దిద్దుబాటు

చిరంజీవి గిలకకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాసేశాను. తర్వాత చూసుకుంటే అందరం అంటే నేనొక్కణ్ణే. మీ అమ్మ ఉన్న రోజుల్లో చేతికి పడిన అలవాటు, పోలేదు. ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ క్షేమమని రాశావు, నమ్ముతున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నేను రాసి పంపిన పదమూడో పాఠం కూడా నీ పెన్సిలు సున్నాలతో తిరిగొచ్చింది. తొమ్మిది తప్పులు. నలభై ఏళ్ళు పత్రికాఫీసులో కూర్చుని ఊళ్ళోవాళ్ళందరి తప్పులూ దిద్దినవాణ్ణి, నా కాపీలో ఇన్ని సున్నాలు ఎప్పుడూ చూడలేదు. ఏం జరిగిందంటే, నీ స్పానిష్ పుస్తకంలో "యో మె లావో" అని ఉంది. యో అంటే నేను. మె అన్నా నేనే. ఒకే మనిషి రెండుసార్లు పడ్డాడు, ఇది అచ్చుతప్పు అనుకుని పేజీ పొడుగునా "మె" కొట్టేశాను. నువ్వు పక్కన రాసింది చదివాను: "నాన్నా, యో తీసేసినా ఎవరూ ఏమీ అనరు. మె తీసేస్తే మాత్రం ఉత్త 'కడుగుతాను' అయిపోతుంది. ఏం కడుగుతావయ్యా, అంట్లా, నేలా అని అడుగుతారు." సరే. ఇకనుంచి ఉన్నది ఉన్నట్టు దింపుతాను.

నీ పుస్తకం లోపలికి రానివ్వమని మళ్ళీ అర్జీ పెట్టాను. కుదరదన్నారు. మార్జిన్లలో నీ చేతిరాత ఉందట. చేతిరాత ఉన్న పుస్తకం జైల్లోకి రాకూడదు, చేతిరాతతో ఉన్న ఉత్తరం రావచ్చు. కాబట్టి నీ స్పానిష్ పరీక్ష అయ్యేదాకా ఇలా వారానికో పాఠం నేను రాసి పంపడమే. మొదటి ఉత్తరం ఆపేసిన తనిఖీ గుమస్తా గుర్తున్నాడా? "మె, తె, సె, నోస్ అని వరసగా రాశారు, ఏం సంకేతాలండీ ఇవి?" అని కిటికీ దగ్గర నిలదీశాడు. పక్కన మన లిపిలో పలుకుబడి రాస్తేనే పంపుతానన్నాడు. మొన్న వెళ్తే, "పద్నాలుగోది ఎప్పుడిస్తారు? నేనూ నోట్సు రాసుకుంటున్నాను" అన్నాడు. మనకి తెలియకుండా క్లాసులో ఇంకో విద్యార్థి చేరాడు.

పద్నాలుగో పాఠం రెండో కాగితం మీద ఉంది. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. మాట చివర "సె" ఉంటుంది, లెవాంతార్సె, అంటే లేవడం. ఆ సె ఊడదీయాలి, కానీ పారేయకూడదు. మనిషిని బట్టి మె, తె, సె, నోస్, ఓస్, సె అని మార్చి ముందుకు తేవాలి. తర్వాత ఆర్ కత్తిరించి ఓ, ఆస్, ఆ, ఆమోస్, ఆయిస్, ఆన్ అతికించాలి. మె లెవాంతో, తె లెవాంతాస్, సె లెవాంతా, నోస్ లెవాంతామోస్, ఓస్ లెవాంతాయిస్, సె లెవాంతాన్. తోక కోసి తలపాగా చుట్టినట్టు. ఈ పాఠంలో ఉన్న క్రియలన్నీ బుద్ధిమంతులే, ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టే. ఆలోచిస్తే ఇది మనకి కొత్తేమీ కాదు. గీశాడు వేరు, గీసుకున్నాడు వేరు. దువ్వింది వేరు, దువ్వుకుంది వేరు. మనం చివర్లో చెప్పేదాన్ని వాళ్ళు ముందే చెప్పేస్తున్నారు, అంతే. ఆఖరి అభ్యాసంలో కయార్సె ఉంది, నోరు మెదపకుండా ఉండటం. ఆ పట్టిక ఖాళీగా వదిలాను, నువ్వే నింపు.

రోజంతా ఏం చేస్తున్నావు అని అడిగావు. ఈ పాఠం నన్ను చూసి రాసినట్టే ఉంది. ఐదున్నరకి మె లెవాంతో. మె లావో, మొహం కడుక్కుంటాను. రోజు విడిచి రోజు మె అఫెయితో, గడ్డం గీసుకుంటాను. మె పెయినో, దువ్వుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదు. తర్వాత మె కెదో, ఉండిపోతాను, ఇంట్లోనే.

ఏడుపు రావడం లేదా నాన్నా అని కూడా అడిగావు. రావడం లేదు. పన్ను పీకించుకున్న రోజు నాలికతో తడుముకుంటే ఆ చిగురు ఎవరిదో అన్నట్టు ఉంటుంది కదా. అలా ఉంది. మత్తు దిగాక నొప్పి తెలుస్తుందంటారు. ఏడు నెలలైంది, ఇంకా దిగలేదు.

వంటింటి కుళాయి బాగుచేయించలేదు. మన వీధికి ఉన్న ప్లంబరు అతనొక్కడే. నువ్వు కారుతో గుద్దిన మనిషిని పిలిచి, బాబూ, మా కుళాయి కారుతోంది అనడానికి నాకు నోరు రాలేదు. కింద బకెట్ పెట్టాను, రోజుకి రెండుసార్లు నిండుతుంది. అతని సంగతి దాచకుండా రాయమన్నావు. కర్ర లేకుండా నడుస్తున్నాడు. కుడి మోకాలు సగమే వంగుతుంది. చెప్పులు తనే వేసుకుంటాడు, బూట్లయితే భార్య వంగి తొడగాలి. సింకుల కింద దూరే పనులు బావమరిది చేస్తున్నాడు, ఇతను పక్కన నిలబడి చెబుతాడు. మొన్న దారిలో ఎదురై, "అమ్మాయి ఎలా ఉందండీ?" అన్నాడు. చదువుకుంటోందన్నాను.

ఇక మన ఎదురింటి మిషనత్త. ఆవిడ గడప తొక్కనని మాటివ్వమని రాశావు. మాట ఇవ్వడం లేదు. ఎందుకో చెప్పాలి.

గురువారం పొద్దున ఆవిడే మన గడప తొక్కింది. చేతిలో నా ప్యాంట్లు రెండు ఉన్నాయి.

"ప్రూఫుగారూ, నడుము మళ్ళీ కుదించాను. ఇంకోసారి చిక్కారంటే నా వల్ల కాదు. వెనక జేబులు రెండూ కలిసిపోయి ఒకటే అవుతాయి."

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది కూడా చూడండి. పైకి చదవకండి, పక్కింటి పిల్ల చదివి వినిపించింది, చాలు."

నీ చేతిరాత. నాలుగు వరుసలు. నువ్వు రాసినవే కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయను.

"సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటి పిల్లని కేకేస్తాను నేను," అంది ఆవిడ. "సూదిబెజ్జమే కనపడనిదాన్ని, వీధి అవతల కూర్చుని మీ గేటులోకి కారు ఎన్నింటికొచ్చిందో చూసి పోలీసులకి చెప్పానంటుంది మీ అమ్మాయి. చెప్పానా?"

"మీరు చెప్పలేదు."

"చెప్పలేదని నాకు తెలుసు. మీకెలా తెలుసు?"

"చెప్పింది నేను."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఏడు నెలల నుంచి మీ పిల్ల నన్ను ఆడిపోసుకుంటుంటే వింటూ కూర్చున్నారు. నేనేమో అయ్యో పాపం ఒంటరివాడని మీ నడుములు కుదిస్తూ కూర్చున్నాను. బాగుంది." లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "తప్పులు దిద్దడమేగా మీ పని? ఇదీ దిద్దండి. మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?"

నేనే రాస్తానన్నాను. రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు ఆరూ నలభైకి ఇంటికొచ్చావు. రేడియోలో వార్తలు అప్పుడే అయిపోయాయి, గోడ గడియారం చూశాను. కారు ఎడమ దీపం పగిలి ఉంది. గోడకి రాసుకుంది నాన్నా అన్నావు. మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు, నాలుగింటి నుంచీ ఇల్లు కదల్లేదని నువ్వు చెప్పడం పక్కగదిలోంచి విన్నాను. తర్వాత ఆయన నా దగ్గరికొచ్చి, అమ్మాయి ఎన్నింటికి వచ్చిందండీ అన్నాడు. ఆరూ నలభై అన్నాను. దీపం సంగతి అడిగాడు, అదీ చెప్పాను. రాసుకుని సంతకానికి కాగితం ఇచ్చాడు. చదివాను. మూడో వరుసలో "నలభై" బదులు "నాలభై" అని పడింది. దిద్ది, పక్కన పొట్టి సంతకం చేసి, కింద పూర్తి సంతకం చేశాను.

ఎందుకు చెప్పావంటావు. అప్పటికి ప్లంబరు ఆసుపత్రిలో ఉన్నాడు, కళ్ళు తెరవలేదు. అదొకటి. నన్ను అడిగారు, నాకు తెలుసు. అదొకటి. ఇంతకన్నా గొప్ప కారణం కోసం వెతికాను, దొరకలేదు. చెప్పడం తప్పని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు.

నువ్వు కోర్టులో నేరం ఒప్పేసుకున్నావు, అందుకని ఆ కాగితం ఎవరూ చదివి వినిపించలేదు. మొదటి ములాఖత్‌లో జాలీ అవతలి నుంచి, "మిషనత్తే చెప్పి ఉంటుంది, కిటికీ ఎదురుగా కూర్చునేది ఆవిడేగా" అన్నావు. నేను తల ఊపాను. అవునని కాదు, కాదని కాదు, ఉత్తినే ఊపాను. నువ్వు అవునని తీసుకున్నావు. నేను దిద్దలేదు. తప్పు అక్కడ జరిగింది. నేను చెప్పానని తెలిస్తే నువ్వు ఇక ఉత్తరాలు రాయవేమోనని భయపడ్డాను. ఆ భయం ఇప్పుడూ ఉంది. ఈ ఏడు నెలల్లో నాకు నొప్పిలా తెలిసింది అదొక్కటే.

ఈ కాగితం గుమస్తా కూడా చదువుతాడు. చదవనీ.

నీకు నెలకి రెండే ఉత్తరాలు. ఈ నెలవి అయిపోయాయి, ఒకటి నాకు, ఒకటి ఆవిడకి. వచ్చే నెల మొదటిది నాకు రాయకు, ఆవిడకి రాయి. ఏం రాయాలో నేను చెప్పను. రెండోది నీ ఇష్టం. నాకు రాయబుద్ధి కాకపోతే అదీ ఆవిడకే రాసెయ్. ఆవిడకి చదివి వినిపించడానికి పక్కింటి పిల్ల ఉంది. నువ్వు సున్నాలు చుట్టి పాఠాలు వెనక్కి పంపకపోయినా, సోమవారం సోమవారం నేను మాత్రం పంపిస్తూనే ఉంటాను. పదిహేనోది పెద్దది, ఆరు పేజీలు. మొదలుపెట్టాను.

ఏ ఉత్తరమైనా ముగించాక పెన్ను మార్చి ఒకసారి దిద్దుకుంటానని నీకు తెలుసు. ఇది దిద్దలేదు.

ఇట్లు,
నాన్న