తెల్ల సూటు మీద పేరు

ఊరి చీఫ్ గారికి,

ఎబోలా అనే ఈ మహమ్మారికీ, ఆగని వానలకీ, అన్నిటినీ మించి డాక్టరు చదువుతో పాడైన నా చేతిరాతకీ మానవజాతి తరఫున ముందుగా క్షమాపణ వేడుకుంటున్నాను.

కొంబా దొంగతనంగా మా వార్డులోకి వచ్చి తల్లిని ముట్టుకున్నాడని అతణ్ణి ఇంట్లో బంధించారట. శుక్రవారం ఊరి నుంచే వెళ్ళగొడతారట. పక్క మంచం మీద ఉండి, బతికి బయటపడ్డ ఆవిడ సాక్షి: "నా కళ్ళతో చూశానయ్యా, గుండె మీద పేరు కూడా ఉంది!" ఆవిడ అబద్ధమాడలేదు. కొంబా కూడా కాదనడం లేదు. "మా అమ్మ పోతుంటే పక్కన లేనని ఏ నోటితో చెప్పను?" అన్నాడట.

కానీ అతడు లోపలికి రాలేదు. మూడు రోజులు గేటు బయట వానలో నిలబడ్డాడు. మేమే రానివ్వలేదు.

ఈ తెల్ల సూటులో మా కళ్ళు తప్ప ఏమీ కనబడవు. రోగులు మమ్మల్ని దయ్యాలనుకుని దడుచుకోకుండా ఎవరి పేరు వాళ్ళు గుండె మీద రాసుకోవాలన్నది శిక్షణలో మా మొదటి పాఠం. కొత్త మందు పరిశోధన కోసం కొంబా తల్లి ఫిండా టీచరమ్మ రక్తం రోజూ నేనే తీసేవాణ్ణి. మందు పనిచేయలేదు. నాలుగో రోజు ఆమె నోట కొడుకు పేరు తప్ప మరో మాట లేదు.

ఆ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, "ఒరే కొంబా, నీ పేరు ఇంకా ఇంత వంకరగానే రాస్తున్నావేంట్రా?" అని తిట్టింది. గంటలో పోయింది.

నన్ను శిక్షణ నుంచి తీసేసినా సరే, అతణ్ణి వదిలేయండి. కొంబా పేరు నా సూటు మీద రాసుకున్నది నేను. ఆ వంకర అక్షరాలు నావి.