ఫర్నేస్‌కి బొట్టు

జర్మనీ,
ఆగస్టు 9.

ప్రియమైన బావకి,

ఫోన్‌లో నువ్వు "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడవు. మధ్యలో అత్త లాక్కుంటుంది, మన పిల్ల అహల్య లాక్కుంటుంది. నీకు చెప్పాల్సింది నోట్లోనే ఉండిపోతోంది. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే రాయి, బద్ధకించకు.

బావా, నేను పరీక్ష తప్పాను. పార్కులో నిలబడి, వచ్చిన ఊరివాళ్లకి ఆ పార్కు గురించి చెప్పడమే పార్కులు తీర్చిదిద్దే మా కోర్సులో ఆఖరి పరీక్ష. అంతా బట్టీ పట్టాను. తీరా జనం ముందుకు వెళ్లేసరికి నోరు పెగల్లేదు. అక్టోబర్‌లో ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదీ పోతే డిగ్రీ లేకుండా ఇంటికి రావాలి. కన్నపిల్లని వదిలి ఇంతదూరం వచ్చింది ఇందుకా అని ఏడుపొస్తోంది.

ఆ పార్కు ఏమిటో తెలుసా? మూతపడిన స్టీల్ ప్లాంట్. మధ్యలో అచ్చం మీ ప్లాంట్‌లో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ లాంటిదే ఒకటి, చల్లారిపోయి, తుప్పుపట్టి నిలబడి ఉంది. పట్టాల మధ్య చెట్లు మొలిచాయి. పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటారు. కావాలంటే మెట్లెక్కి ఫర్నేస్ పైదాకా వెళ్లొచ్చు. మొదటిసారి దాన్ని చూడగానే నువ్వు డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్నట్టే అనిపించింది.

అహల్య తలకి నూనె పెట్టమని అత్తతో చెప్పు.

నీ
వాణి

---

సెక్టర్ 6, భిలాయి,
ఆగస్టు 20.

ప్రియమైన వాణీ,

రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నవ్వావంటే మళ్లీ రాయను. నా తెలుగు అక్షరాలు చూసి నీ కూతురు "పాపా, యే క్యా లిఖా హై?" అని అడిగింది, ఇదేం రాశావని. బడిలో హిందీ తప్ప నేర్చుకోని నేను ఇంతకంటే ఎలా రాస్తాను?

నువ్వు తప్పావని విని పక్క క్వార్టర్ పార్వతమ్మ వచ్చింది. "పార్కుకి చదువేటి? నాలుగు మొక్కలు, రెండు బెంచీలు ఏస్తే అయిపోద్ది కదా" అంది. అమ్మ ఊరుకుంటుందా? "మా కోడలు ఏసినప్పుడు సూద్దువు గాని" అని టీ కూడా ఇవ్వకుండా పంపేసింది.

నువ్వు రాసింది చదివి నాకు అన్నం సహించలేదు. ఫర్నేస్ చుట్టూ సైకిళ్లు తొక్కుతారా? ఇక్కడ అది ఒక్క పూట మొరాయిస్తే ఇంట్లో చంటిపిల్లకి జ్వరం వచ్చినట్టు తిరుగుతాం. విశ్వకర్మ పూజ దగ్గరికొస్తోంది. ఫర్నేస్‌కి సింధూరం పెట్టి, దండ వేసి, నిమ్మకాయలు పెడతాం. ఆ ఒక్కరోజు ఇంట్లోవాళ్లని లోపలికి రానిస్తారు కదా, ఈసారి అహల్యని తీసుకెళ్తాను. పాపం అక్కడి ముసలిదానికి బొట్టు పెట్టేవాళ్లు ఎవరున్నారు? నువ్వే పెట్టు.

పరీక్షకి దిగులు పడకు. పోతే పోయింది, వచ్చేయ్. నువ్వు లేని ఇల్లు ఇల్లులా లేదు.

నీ
యుగంధర్

---

జర్మనీ,
సెప్టెంబర్ 19.

బావా,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు. నీ మాట విన్నందుకు నా కొంప మునిగింది.

పూజ రోజు తలంటు పోసుకుని, నిమ్మకాయ, సింధూరం భరిణె పట్టుకుని పార్కుకి వెళ్లాను. ఫర్నేస్ కాళ్ల దగ్గర చెప్పులు విప్పి బొట్టు పెట్టాను. దండం పెట్టుకుని కళ్లు తెరిస్తే పక్కనే కాపలాదారు, పెద్దాయన. ఇక్కడ కుర్రకారు గోడల మీద రంగులతో పిచ్చిగీతలు గీస్తారు. నేనూ ఆ బాపతే అనుకున్నాడు. ఇదేమిటని అడిగాడు. పూజకి వాళ్ల భాషలో మాట తట్టలేదు. "ఈరోజు దీని పుట్టినరోజు" అన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, బొట్టుకి ఫోటో తీసి, పేరు రాసుకున్నాడు.

ఇప్పుడు పార్కు ఆఫీసు నుంచి మా ప్రొఫెసర్‌కి ఫిర్యాదు వచ్చింది. నన్ను అక్కడ మాట్లాడనివ్వాలా వద్దా అని వచ్చేవారం తేలుస్తారట. తల కొట్టేసినట్టుంది. రానిచ్చినా నాకు మాట రాదు. నువ్వన్నట్టే వచ్చేస్తాను. టికెట్ చూడు.

వాణి

---

సెక్టర్ 6,
సెప్టెంబర్ 21.

నా వాణీ,

టికెట్ చూడను.

వచ్చేయ్ అని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు లేక తోచక రాశాను గాని, నువ్వు గెలవలేవని కాదు. నాకు చదువు మీద ఆశ లేదు, నీకుంది. నీ ఆశంటే నాకిష్టం. ఫోన్‌లో అందరి ముందూ ఇది అనలేను.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. బొట్టు దగ్గర కళ్లు తుడుచుకుంది. పరీక్షలో ఏం చెప్పాలని నువ్వు బట్టీ పట్టావో అడిగింది. ఫర్నేస్ ఎత్తు, ఎప్పుడు కట్టారు, ఎప్పుడు మూశారు, అలాంటివేనన్నాను. అప్పుడు అంది:

"అయ్యన్నీ మగోళ్లు సెప్తారు. మనం ఆరేసిన బట్టల సంగతి సెప్పమను. అది బట్టీ పట్టక్కర్లేదు కదేటి?"

నాకూ అదే సబబనిపించింది. నువ్వు ఈ వీధిలోనే పెరిగావు. చెప్పు.

అహల్య ఫర్నేస్‌ని చూసి, మమ్మీ దగ్గరున్నది కూడా ఇంత పెద్దదా అని అడిగింది. అవునన్నాను.

ఎప్పటికీ నీ
యుగంధర్

---

జర్మనీ,
అక్టోబర్ 16.

ప్రియాతిప్రియమైన బావకి,

నెగ్గాను! అత్తకి ముందు ఈ ముక్క చదివి వినిపించి, తర్వాత మిగతాది చదువుకో.

ఆఫీసులో పూజ సంగతంతా వివరంగా చెప్పుకున్నాను. అది తడిగుడ్డకి పోయే రంగేనని, తుడవబుద్ధి కాక తనే వదిలేశానని ఆ కాపలాదారు నా తరఫున చెప్పాడు. మాట్లాడనిచ్చారు.

జనం ముందు నిలబడగానే అత్త మాట గుర్తొచ్చింది. రాసుకున్న కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. వచ్చీరాని భాషలో ఒకటే అడిగాను: "ఇది మండుతున్న రోజుల్లో మీ ఇళ్లలో బట్టలు ఎవరు ఆరేసేవారు?"

వెనక బెంచీ మీద ఒక ముసలమ్మ మెల్లగా చెయ్యెత్తింది. ఆవిడ పేరు హిల్డె. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఎత్తారు. ఇక నాకు అడ్డేముంది? ప్లాంట్ పొగతో గాలి మన వైపు తిరిగిందంటే అత్త వీధంతా వినపడేలా కేకేయడం, అందరూ దండేల మీదికి పరిగెత్తడం, అయినా నీ తెల్లచొక్కా మీద నల్లటి నుసి, డ్యూటీ దిగాక నువ్వు పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలో నా ప్రాణం కొట్టుకోవడం, అన్నీ చెప్పాను. భాషలో తప్పులు బోలెడు. ముసలమ్మలే నాకు మాటలు అందించారు. వాళ్లూ అలాగే పరిగెత్తేవారట బావా! చివరికి ప్రొఫెసర్ కూడా వింటూ కూర్చున్నారు. మా క్లాసులో మొదటి మార్కు నాదే. పార్వతమ్మకి టీ ఇచ్చి మరీ చెప్పమను.

అందరూ వెళ్లాక హిల్డె నా దగ్గరికి వచ్చింది. వాళ్లాయన ఈ ఫర్నేస్ మీదే పనిచేసేవాడట, ఇప్పుడు లేడు. వారం వారం పార్కుకి వస్తుంది గాని, "అది ఆయన చోటు" అని ఒక్కసారీ పైకెక్కలేదట. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని ఎక్కింది. పైన కాసేపు ఏడ్చింది, తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. కిందికి వచ్చాక నా భరిణె అడిగింది. కాపలాదారు వైపు చూశాను. ఆయన టోపీ తీసి పక్కకి జరిగాడు. నా బొట్టు పక్కన ఆవిడా ఒక బొట్టు పెట్టింది. భరిణె ఆవిడకే ఇచ్చేశాను.

ఇప్పుడు చూడు బావా టికెట్. వచ్చే విశ్వకర్మ పూజకి నేను నీతో ప్లాంట్‌లో ఉంటాను. ఇక్కడి ముసలిదానికి బొట్టు పెట్టే మనిషి దొరికింది.

గెలిచి వస్తున్న
నీ వాణి