ప్లగ్గు నేనే పీకిన

శ్రావణి వాళ్ల నాయినకు,

సువర్ణ రాసేది. ఫోన్ల చెప్పే మాటలు కావివి, అందుకే కాయితం మీద పెట్టి, నీ దిక్కు వస్తున్న మన తండా రూప్లన్న చేతికిస్తున్న. నేను మంచిగనే ఉన్న. పిల్లకు హాస్టల్ల పరీక్షలైతున్నయ్.

మూడు రోజుల సంది ఫోన్ కలుస్తలేదంటే కరెంటు పోయిందనుకుంటున్నవేమో. పోలే. ప్లగ్గు నేనే పీకిన. కరెంటు పోయినా బంద్ కావద్దని నువ్వు కొనుక్కొచ్చిన బ్యాటరీ వైరు గూడ నేనే తీసేసిన.

మన తండాల సెల్లు సిగ్నల్ లేదని గోడకు ఇంటర్నెట్ డబ్బా కొట్టిచ్చి, దానికి తీగ ఫోన్ తగిలిచ్చిననాడు మస్తు సంబురపడ్డ. నెల తిరగకముందే తెలిసింది అదెందుకో. నువ్వు డ్యూటీ ఎక్కేముందు ఒకసారి, పగటికి ఒకసారి, దిగినంక ఒకసారి ఫోన్. ఎత్తుడు జర లేటయితే ‘ఏడికి పోయినవ్, ఇంట్ల ఎవరున్నరు’ అని అడుగుడు. ఆ తీగ గడప దాటదు, దానితోటి నేనూ దాటలే. ఆడోళ్లంతా బీడీల తునికాకు తెంప పోతుంటే గడపల నిలబడి చూసిన. పెండ్లయి పదిహేనేండ్లాయె, నేనేం తప్పు చేసిన్నో నువ్వు చెప్పలే. అలిసిపోయిన.

ఈ మూడు రోజులు పక్క గూడెం జంపక్కోళ్లతోటి అడవికి పోతున్న. పొద్దుగాల ఆకు తెంపుడు, ఎండెక్కినంక కట్టలు కట్టుడు, పొద్దుమీకి ఆకు కొనే కల్లంల ఇచ్చుడు. నడుములు పడిపోతున్నయ్, అయినా పాణానికి హాయిగుంది. ఇంక ప్లగ్గు పెట్ట. నామీద నమ్మకం లేదంటే ఎదురుంగ వచ్చి చెప్పు, శ్రావణిని తీస్కొని మా అమ్మోళ్ల తండాకు పోత.

నీ
సువర్ణ

*

సువర్ణా,

ఎట్లున్నవని అడిగే మొఖం లేదు నాకు. నీమీద నాకు నమ్మకం లేదని నువ్వనుకున్నది నిజమే. బొగ్గు లారీ తోలేటోళ్లం నలుగురం ఒక్క కిరాయి రూముల ఉంటం. పెండ్లాల మీద వాళ్లు చెప్పే ముచ్చట్లు ఇని ఇని నా బుద్ధి చెడింది.

ఫోన్ కలవని రెండోనాడు లీవు పెట్టి బండేస్కొని వచ్చిన. ఇంటికి తాళం. నా మనసుల ఏమేం వచ్చినయో రాయలేను. ఆకుకు పోయినవని పక్కింటోళ్లు చెప్తే కల్లం కాడికొచ్చి, ఆకు లారీ చాటుకు నిలబడ్డ. జంపక్క ఏదో అన్నది, నువ్వు ఆకు మూట మీద కూసొని కడుపు పట్టుకొని నవ్వినవ్. నా ముందర నువ్వట్ల నవ్వి ఎన్నేండ్లయిందో యాదికి రాలే. పిలుద్దామనుకున్న. నన్ను చూస్తే ఆ నవ్వు ఆగిపోతదని ఎరుకైంది. గట్లనే బండి తిప్పిన.

నువ్వు ఏడికీ పోకు. ప్లగ్గు పెట్టినా, పెట్టకున్నా నీ ఇష్టం. ఇంక నేనై నేను ఫోన్ చెయ్య. నీకు మాట్లాడబుద్ధయిననాడు నువ్వే చెయ్యి, లారీ పక్కకు ఆపి ఎత్తుత.

బాబూరావు