ముందుగాల పైకప్పు

బాపూ, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫొటోకు దండ వేసి, మధ్యాహ్నం స్రవంతి ఇంట్లో ఆటకు పోయాను. అవ్వ గొణిగింది. నువ్వైతే నవ్వేవాడివి.

ఈ ఆట నేను నేర్చుకున్నది ఈమధ్యనే. స్రవంతి కథ చెబుతుంది. మేం అందులో మనుషులమై, ఏం చేస్తామో నోటితో చెప్పాలి. అది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది.

మొదటి రోజే ఒక గుహ వచ్చింది.

"లోపట రాక్షసుడున్నడు. ఏం జేస్తరు?" అంది స్రవంతి.

అందరూ కత్తులు దూశారు.

"జర ఆగుండ్రి. ముందుగాల పైకప్పు కొట్టి సూస్త," అన్నాను.

"రాక్షసున్ని ఇడిసిపెట్టి కప్పెందుకే?" అన్నారెవరో.

"రాక్షసుడు కనవడ్తడు. కప్పు చెప్పి కూలదు. మా బాపు బొగ్గుబాయిల గట్లనే కొట్టి సూస్తుండె. గుల్లగ మోగితే ఎవ్వల్నీ లోపటికి పోనియ్యకపోతుండె."

పగలబడి నవ్వారు. పాచిక వేశాను, పెద్ద అంకె పడింది.

"గుల్లగనే మోగింది," అంది స్రవంతి మెల్లగా. వేరే దారిన పోయి బతికాం.

ఇవాళ ఇంకో గుహ వచ్చింది. నేను నోరు తెరిచేలోపే "ముందుగాల పైకప్పు" అన్నారందరూ. నిన్నెన్నడూ చూడనివాళ్లు, బాపూ, నీ మాట మీద బయటే ఆగారు.